ఎలుగుబంటి కళ్ళు

సాయంత్రం నాటకంవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళాల్సిన ఎలుగుబంటి చెక్కముఖం ఇంకా కళ్ళు తొలవకుండానే అమ్మమ్మ ఒళ్ళో ఉంది. ఏ జంతువు ముఖం చెక్కినా, అది కలలోకి వచ్చి తన కళ్ళు చూపించాకే చెక్కకు కళ్ళు తొలవడం ఆ ఇంటి ఆచారం.

"రాత్రి కూడా రాలేదా అమ్మమ్మా?"

"రాలేదే. పిలిచి పిలిచి నోరు నొప్పెట్టింది. ప్రాణం లేని మొద్దుని వాళ్ళ చేతికెలా ఇచ్చేది?"

"మరి... నా కలలోకి వచ్చింది."

"ఎప్పుడే?"

"మొన్ననే. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"నీకొస్తే నాకెందుకే బాధ? అయినా పిలిచింది నేనైతే, నన్ను కాదని నీ దగ్గరికెందుకెళ్ళిందట?"

"నీ గురకకి జడిసిందట."

"చాల్లే వేళాకోళం. ఎలా చూసిందో చెప్పు. కొరకొరా చూసిందా?"

"లేదు. తప్పిపోయిన పిల్ల వాళ్ళమ్మ కోసం వెతుక్కుంటున్నట్టు చూసింది. నాకే జాలేసింది."

అమ్మమ్మ తాను బొగ్గుతో గీసిపెట్టుకున్న కోపపు కళ్ళను అరచేత్తో తుడిచేసి, ఉలి తీసి మనవరాలి చేతిలో పెట్టింది.

"నేనా? నా చెయ్యి వణుకుతోంది అమ్మమ్మా."

"వణకనీ. నా మొదటి పులికి నాదీ వణికింది, అందుకే దానికి కాస్త మెల్ల. నువ్వు చూసిన కళ్ళు నేనెలా తొలుస్తానే పిచ్చిదానా? ఊఁ, కానీయ్. ముఖం కదలకుండా నేను పట్టుకుంటాను."