స్త్రీల వార్డులో ‘సీరియస్’ అనే మాట

సభాధ్యక్షులు, మన సూపరింటెండెంటు డాక్టర్ జగన్నాధం గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, నర్సు అక్కలకు, ఆయాలకు, వరండా కటకటాల అవతల నిలబడి వింటున్న స్త్రీల వార్డు వాళ్లకు, అందరికన్నా ముందు చెప్పవలసిన పేరు చివర చెబుతున్నందుకు క్షమించమంటూ, ఈ రోజుతో ఉద్యోగం విరమిస్తున్న మన హెడ్ నర్సు నీలవేణమ్మ గారికి నమస్కారాలు.

నేను రికార్డు గదిలో గుమాస్తాని. నన్ను ఇంతవరకు చూడనివాళ్లు ఈ హాలులో చాలామంది ఉండవచ్చు. అది మీ తప్పు కాదు, నేను భోజనానికి కూడా బీరువాల వెనకే కూర్చుంటాను. (నవ్వులు) ఈ సభలో ఎవరెవరు మాట్లాడాలని కమిటీవారు అడిగితే నీలవేణమ్మ గారు, “ఆ రికార్డు గది గుంట సేత సెప్పించండి, వచ్చి రెండేళ్లయినాది, దాని గొంతు ఎలగుంటాదో నాకింకా సరిగ్గా తెల్దు,” అన్నారట. ఆవిడ నన్నిలా నిలబెట్టడానికి అసలు కారణం అది కాదు. ఆ కారణం ఆవిడకూ నాకూ మాత్రమే తెలుసు. ఇప్పుడు మీకూ చెప్పేస్తాను, ఆలస్యం చేస్తే ధైర్యం చాలదు.

పది నెలల కిందట తనిఖీ జరిగినప్పుడు స్త్రీల వార్డు గోడ మీద సంతకం లేని కాగితం ఒకటి కనబడింది. దాని మూలంగానే నీలవేణమ్మ గారికి సంజాయిషీ మెమో వచ్చింది. ముప్పై మూడేళ్ల సర్వీసు చేసిన మనిషికి చివరి పది నెలల్లో పెన్షన్ ఆగిపోతుందేమోనని మనమంతా బెంగపడ్డాం. ఆ కాగితం రాసింది నేను.

(హాలులో గుసగుసలు)

కంపౌండరు గణపతిరావు గారూ, మిమ్మల్ని పది నెలలుగా అందరూ అనుమానిస్తూ వచ్చారు. ఈ ఆసుపత్రిలో అంత గుండ్రటి అక్షరాలు మరొకరివి లేవని, పైగా వచ్చిన మందుల చీటీల్లో కూడా తప్పులు దిద్దే అలవాటు మీకు ఉందని. మీరు ఒక్కనాడూ కోపగించుకోలేదు. నన్ను క్షమించండి. అయ్యో, మీరు లేచి దణ్ణం పెట్టకండి, నేను మాట మరిచిపోతాను. (నవ్వులు)

సంగతి మొదటినుంచి చెబుతాను. నేను చదువుకున్నది కాన్వెంటులో. ప్రతి ఏడాదీ నా ప్రోగ్రెసు రిపోర్టు అడుగున సిస్టరు ఒకే మాట రాసేవారు, సీరియస్ పిల్ల అని. మొదటిసారి అది చదివించుకున్న మా నాయనమ్మ, “ఏటయినాదే పిల్లకి, పైడితల్లికి మొక్కుకోనా?” అంది. అది మెచ్చుకోలు మాటేనని నాన్నగారు నచ్చజెప్పేసరికి రెండు పూటలు పట్టింది. నాకు ఆటల్లో బహుమతులు లేవు, పాటల్లో లేవు. ఉన్నది ఆ ఒక్క మాట. దాన్ని ఎవరైనా అడ్డదిడ్డంగా వాడితే నా పలక మీద ఇంకొకరు రాసినట్టు ఉండేది.

ఇక్కడ చేరిన కొత్తలో, వార్డుల నుంచి రోజూ వచ్చే జాబితాలు టైపు చేయడం నా పని. మగవాళ్ల వార్డులో ముప్పై మంచాలకు ఇద్దరో ముగ్గురో సీరియస్. స్త్రీల వార్డులో ఇరవై నాలుగు మంచాలకు పంతొమ్మిది సీరియస్, అదీ ఎర్ర పెన్సిలుతో. అందులో ఒకావిడకు చెవిపోటు, ఒకావిడకు గోరుచుట్టు. నెలాఖరుకు చూస్తే ఆ పంతొమ్మిది మందీ నిక్షేపంగా ఇళ్లకు వెళ్లారు, వాళ్ల మంచాల మీదకు కొత్త సీరియస్సులు వచ్చారు. ఇంత ఉపద్రవాన్ని ఇంత నిబ్బరంగా గట్టెక్కించే వార్డు మద్రాసులో కూడా ఉండదనుకున్నాను. (నవ్వులు) తరవాత బాగా ఆలోచించి, పాపం హెడ్ నర్సు గారికి ఇంగ్లీషు రాదు కాబోలని తేల్చుకున్నాను.

మెట్లు దిగి వార్డుకు వెళ్లి అడిగితే సరిపోయేది. అది నాకు చేతకాలేదు. అందుకని ఒక తెల్ల కాగితం మీద ‘సీరియస్ అనే విశేషణానికి అర్థము, వాడుక’ అని శీర్షిక పెట్టి, కింద గీత గీసి, మూడు వాక్యాలు రాశాను. మనిషి గురించి వాడితే, నవ్వులాటల మీద మనసు పోనివాడని అర్థం. పని గురించి వాడితే, తేలిగ్గా తీసుకోరానిదని అర్థం. జబ్బు గురించి వాడితే, ప్రాణాపాయం ఉన్నదని అర్థం, గోరుచుట్టుకు వాడరాదు. ఆయా చేతికిచ్చి పంపాను. ఆవిడ గంటలో తిరిగొచ్చి, హెడ్ నర్సు గారు చాలా బాగుందన్నారని, అందరూ చదువుకోవాలని గోడకు గుచ్చారని చెప్పింది. నేను ఆ పూట చాలా సంతోషించాను.

ఆ కాగితం పథ్యం పట్టికకూ, ‘రోగులను చూడదగు వేళలు నాలుగు నుంచి ఆరు వరకు’ అనే బోర్డుకూ మధ్య ఏడాది పైగా ఉంది. ఒకసారి గుమ్మంలోంచి తొంగి చూసి నేను చదివింది నా కాగితం ఒక్కటే. పక్కనున్న బోర్డు చదవలేదు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారు రెండూ చదివారు. చదివి, వెనక్కి తిరిగి, మంచాలకు వేలాడుతున్న అట్టలు చూస్తూ వెళ్లారు. ఏడో మంచం మీద పొందూరు జగ్గమ్మ కాళ్లు జాపుకుని ఏదో కథ చెబుతోంది, చుట్టూ నాలుగు మంచాల వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆవిడ నూలు వడికే మనిషి, బొటనవేలికి గోరుచుట్టు. అట్ట మీద సీరియస్. ఆయన వంగి, నీకు సీరియస్‌గా ఉందా అని అడిగారు.

“అవును బాబూ, సీరియస్సే. నేకపోతే మా వొదిన్ని ఆరింటికి బయటికి గెంటెయ్యరేటి?”

(పెద్దగా నవ్వులు)

మీరు నవ్వుతున్నారు, అధ్యక్షులు కూడా నవ్వుతున్నారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఆరు గంటలు కొట్టాక వార్డులో రోగి తాలూకు మనిషి ఎవరూ ఉండకూడదని మన నియమం. సీరియస్ కేసుకు మాత్రం ఒకరిని ఉండనిస్తారు. ఈ సంగతి వార్డులో ప్రతి ఆడమనిషికీ తెలుసు. రికార్డు గదిలో కూర్చుని ఆ మాటకు అర్థం రాసిన నాకు తెలియదు. ఈ కాగితం ఎవరు రాశారని ఆఫీసరు గారు అడిగితే నీలవేణమ్మ గారు, ఎవరో చదువుకున్న పిల్ల రాసిచ్చింది, పేరు గుర్తు లేదు అన్నారట.

మెమో టైపు చేసింది కూడా నేనే. దాన్ని ఆవిడకు అందించిన మర్నాడు మధ్యాహ్నం ఆవిడ టిఫిను డబ్బా పట్టుకుని రికార్డు గదికి వచ్చి, బీరువాల వెనక నా ఎదురుగా కూర్చున్నారు. డబ్బా కింద నుంచి నా కాగితం తీసి బల్ల మీద పెట్టారు. నాలుగు మూలలా గుండుసూది చిల్లులు ఉన్నాయి.

“ఇది నీదే గదా. దాసెయ్యి, ఇంకెవులికీ సూపించకు. జవాబు రాయాల. ఆ మాట నీకు బాగా తెల్సు, నువ్వే రాయి.”

నేను ఆ రోజు మొదటిసారి ఆవిడను ఒక ప్రశ్న అడిగాను, ఎందుకలా రాస్తారని. ఆవిడ పెరుగన్నం కలుపుకుంటూ చెప్పారు. పదిహేడేళ్ల కిందట శ్రీకూర్మం వైపు నుంచి లక్ష్మణమ్మ అనే పదిహేనేళ్ల పిల్ల టైఫాయిడ్‌తో వచ్చింది. జ్వరం దిగింది. పేగుల్లో పుండ్లు మానేదాకా మంచం మాత్రం దిగకూడదు. ఒకనాడు ఆరు గంటలు కొట్టగానే తల్లిని బయటకు పంపించారు, పంపించింది నీలవేణమ్మ గారే. తల్లి జావ తెచ్చిన గిన్నె మరిచిపోయింది. ఆ పిల్ల గిన్నె పట్టుకుని అమ్మ వెనక పరిగెత్తి వరండా మెట్ల మీద పడిపోయింది. ఆ తరవాతిది ఆవిడ మాటల్లోనే చెబుతాను.

“ఆ పిల్లకి నేను సీరియస్ అని రాయనేదమ్మా. పుస్తకంలో ఉన్నట్టే సేసాను. తెల్లారేసరికి రాయాల్సొచ్చినాది.”

(నీళ్ల గ్లాసు అందిస్తారు)

క్షమించండి. నీళ్లు చాలు.

జవాబులో క్షమాపణ రాస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇచ్చారు. నాకు వచ్చిన పని ఒక్కటే, పాత పుస్తకాలు తీసి చూడడం. మూడు రోజులు చూశాను, తుమ్ముతూనే. చెప్పకుండా వెళ్లిపోయిన రోగుల పుస్తకం అని మనకు ఒకటి ఉంది. జ్వరంతోనే తెల్లవారుజామున గోడ దూకి వెళ్లేవాళ్లు, కట్టు విప్పకుండానే సంతకు వెళ్లి మరి రానివాళ్లు. గడిచిన ఏడాది మగవాళ్ల వార్డు నుంచి అలా నలభై ఒక్కమంది వెళ్లారు. స్త్రీల వార్డు నుంచి ముగ్గురు. లక్ష్మణమ్మ చనిపోకముందు ఆ వార్డు నుంచే ఏడాదికి యాభై మంది దాకా వెళ్లేవారు. ఆ అంకెలు వరసగా రాసి, ఎర్ర పెన్సిలు ఏ నెల నుంచి మొదలైందో రాసి, ఇంకేమీ రాయకుండా ఆపాను. అధ్యక్షులు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇన్నేళ్లుగా ఆ జాబితాల కింద సంతకం తనదేనని తన చేత్తో ఒక వాక్యం కలిపారు. అది మీలో ఎవరికీ తెలియదు. చెప్పవద్దన్నారు. చెప్పేశాను.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది, రెండు వాక్యాలు. సంజాయిషీ ఆమోదించడమైనది. నియమంలో మార్పు లేదు. ఆ మొదటి వాక్యం వల్ల ఈ రోజు ఆవిడ దండ వేసుకుని ఇక్కడ కూర్చున్నారు. రెండో వాక్యం నన్ను వదలలేదు. ఆవిడ వెళ్లిపోతే ఆరు గంటల తరవాత ఆ వార్డు ఏమవుతుంది?

విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త హెడ్ నర్సు గారు పోయిన వారం రికార్డు గదికి వచ్చారు. చాలా పద్ధతి గల మనిషి అని చూడగానే తెలిసింది. ఇంతమంది సీరియస్ ఏమిటి, నా వార్డులో ఇలా ఉండదు అన్నారు. నోటితో చెప్పడం కన్నా రాయడమే నాకు అలవాటు కదా. సొరుగులోంచి ఆ చిల్లుల కాగితం తీసి, మూడు వాక్యాల కింద, స్త్రీల వార్డులో వాడితే, ఈవిడ దగ్గర ఒక మనిషి ఉండాలని అర్థం అని నాలుగోది రాసి, కింద ఈసారి సంతకం పెట్టి ఇచ్చాను. ఆవిడ చదివి, మడిచి పట్టుకుని వెళ్లిపోయారు.

ఈ ఉదయం ఆవిడ పంపిన మొదటి జాబితా వచ్చింది. ఇరవై నాలుగు మంచాలు. ఇరవై ఒకటి సీరియస్, ఎర్ర పెన్సిలుతో. మోకాలి మీద సెగ్గడ్డతో చేరిన ఒక చిన్నపిల్లకు వెరీ సీరియస్. ఎందుకని ఆయాను అడిగాను. ఆ పిల్లను వదిలి వెళ్లేది లేదని అమ్మమ్మ, నాయనమ్మ ఇద్దరూ కూర్చున్నారట. (నవ్వులు, చప్పట్లు) ఉన్నది ఉన్నట్టు టైపు చేశాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

నీలవేణమ్మ గారూ, రేపటి నుంచి మీరూ బయటి మనిషే, నాలుగు నుంచి ఆరు వరకే రావాలి. రికార్డు గదికి ఆ బోర్డు లేదు. బీరువాల వెనక మీ కుర్చీ తీయను. డబ్బా తెచ్చుకుని ఏ వేళకైనా రండి, నేను మాట్లాడతాను.

నన్ను ఇంతసేపు ఓపిగ్గా విన్న అధ్యక్షులకు, పెద్దలకు, కటకటాల అవతలివారికి కృతజ్ఞతలు. ఆరు కావస్తోంది, గంట కొడతారు. వార్డులోకి వెళ్లవలసినవాళ్లు వెళ్లి మీ మీ మనుషుల పక్కన కూర్చోండి. నాకు సెలవు.