తొలోమా వాగుకు మొదటి గింజ

మా ఊరి పడవల రేవు, పొద్దున. మంత్రసాని ఎటెల్వీనాను పాక గుంజకు కట్టేశారు. ఎదురుగా కత్తి పట్టుకుని వీల్మర్, వాగుల్లో బంగారం తోడేవాళ్ల మనిషి.

“చెప్పు పెద్దమ్మా. నిన్న సభలో ఏ వాగును కాపాడాలో గింజలతో ఓట్లేశారుగా, తొలోమా వాగు సోరబుర్రలో మొదటి గింజ వేసిందెవరు?”

“కట్లు విప్పు, చెబుతా.”

“చెప్పు, విప్పుతా.”

“ఎదురుకాళ్లతో పుట్టావు. అప్పుడూ ఎవరి మాటా వినలేదు నువ్వు.”

“వేళ్లు తెగుతాయి.”

“తెంపు. నిన్ను బయటికి లాగిన వేళ్లేగా!”

“సర్కారు ఈ ఏడు ఒక్క వాగుకే కాపలా ఇస్తానంది. బుచాదో వాగును ఎంచుకోవచ్చుగా మీరు?”

“దాన్లో ఏం మిగిలిందిరా కాపాడ్డానికి? బంగారం కోసం మీరు పోసిన పాదరసం తాగి చచ్చింది. చేపలు గుడ్లు పెట్టేది ఇక తొలోమాలోనే. అదీ పోతే కింద ఊళ్లన్నీ...”

“పాఠాలొద్దు! అందరూ వణుకుతూ కూర్చున్నారట. ఆ మొదటి గింజ పడ్డాకే మిగతావాళ్లు లేచారట. ఎవరు? క్రిసాంతోనే కదా?”

“కాదు.”

“ఊరిపెద్ద కదా, వాడే వేసుంటాడు.”

“కాదంటున్నాగా! ఆ... ఆ పొగేంట్రా?”

“వాడి ఇల్లే. తెల్లారకముందే నా చేత్తో బయట గడియ పెట్టి అంటించా. అరుపులు ఊరికి వినబడకుండా పడవ మోటారు ఆడిస్తూనే ఉన్నాం.”

“అయ్యో... అయ్యో వీల్మర్...”

“ఏడువు. ఇప్పుడు వాడికి తోడెవరో చెప్పు.”

“క్రిసాంతో బతికే ఉన్నాడ్రా. రాత్రే వెళ్లిపోయాడు.”

“అబద్ధం! లోపల్నుంచి తలుపు బాదారు. గడియ మీద చెయ్యేసి ఉన్నా నేను.”

“నీ బొడ్డుతాడు ఎక్కడ పాతానో తెలుసా?”

“ఇప్పుడదెందుకే ముసలీ?”

“తొలోమా పుట్టేచోట, పెద్ద చెట్టు కింద. బొడ్డుతాడు పాతిన చోటికి మనిషి ఎప్పటికైనా తిరిగొస్తాడని మనోళ్లంతా అంటారా లేదా? ‘యంత్రాలొచ్చి ఆ చెట్టు కూలిస్తే నా బిడ్డ ఇక రాడు’ అని ఏడుస్తూ లేచింది. మొదటి గింజ తనే వేసింది.”

“ఎవరు?”

“మీ అమ్మ.”

“అమ్మ ఇక్కడెక్కడుంది? పై ఊళ్లో కదా ఉండేది!”

“సభకని దిగొచ్చింది. చీకట్లో అంత దూరం తెడ్డు వేసే ఓపిక ఆమెకు లేదని, క్రిసాంతో తన ఇంట్లో పడుకోబెట్టి వెళ్లాడురా.”