మా తోట నూనె

నయాపూల్ దగ్గర నూనె దుకాణం. అశ్వారావుపేట నుంచి బస్సు దిగి నేరుగా వచ్చిన రైతు ఒకాయన డబ్బాలను ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు.

“ఏం గావాలె తమ్మీ?”

“పామాయిల్ అన్నా. మా దిక్కు తోటలది.”

“ఏ తోటదైతే ఏంది?”

“ఎల్లుండి మా నాయన దినం. మూడోనాడు పిండం పెడితే కాకి ముట్టలే. మా తోట నూనెల చేసిన గారెలు తినాలని ఆయనకు మస్తు కోరిక ఉండె.”

“బతికుండంగ తినిపియ్యలేదా?”

“గెలలు ఫ్యాక్టరీకి పోతయన్నా, నూనె మా కండ్ల పడదు. పట్నంల దొరుకుతదంటే వచ్చిన.”

“గిదంత మలేషియాది, ఓడల వచ్చింది. అగ్గువకొస్తదని మేం గిదే అమ్ముతున్నం.”

“గా అగ్గువకే మా గెలలకు ధర లేకపాయె. చెట్లన్నీ కొట్టేసినం. ఆఖరు చెట్టు కూలిననాడే నాయన తోటల పడిపోయిండు.”

దుకాణదారు ఒక ప్యాకెట్ తీసి రైతు చేతిలో పెట్టాడు.

“గీ నూనెలనే గారెలు చేయించు. పైసలొద్దు. ఏ తోటదో కాకికేం ఎరుక?”

“కాకికి ఎరుక లేదన్నా. వచ్చేది నాయన గదా.”