పటంలో లేని గొట్టం

అమెరికాలోని డకోటా మైదానంలో జూన్ నెల. పొలాన్ని మళ్లీ మడుగుగా మార్చి మూడేళ్లయింది. దాని గట్టున తండ్రీ కూతురూ నిలబడి ఉన్నారు.

“నిన్నటికీ ఇవాళ్టికీ నీటిమట్టం బెత్తెడు తగ్గింది నాన్నా.”

“ఎండలు మండిపోతున్నాయిగా.”

“ఎండ అంత తాగదు. పొలంలో నీళ్లు నిలవకుండా అప్పట్లో పాతినవి, నీ పటంలో ఉన్న ఏడు మురుగు గొట్టాలూ తవ్వి మూసేశాం. ఎనిమిదోది ఉందా?”

“ఆ జమ్ములో బాతు పిల్లలెన్ని?”

“అరవై దాకా. ఎగరడానికి ఇంకో నెల కావాలి. నీళ్లు పోతే నక్క నడిచొచ్చి తినేస్తుంది. మాట మార్చకు, నీకు చేతకాదు.”

“ఉంది. మీ ఆర్విడ్ బాబాయి చేలో నీళ్లు ఈ మడుగు కిందుగానే కాలువలోకి పోతాయి. ఆ చిల్లుల గొట్టం మేమిద్దరం కలిసే పాతాం, పైనున్న మడుగు నీళ్లనీ అది లాగేస్తుంది.”

“మరి మూడేళ్లు నీళ్లెలా నిలిచాయి?”

“మట్టితో పూడిపోయింది. మొన్న వాడి చేలో నీళ్లు నిలిస్తే శుభ్రం చేయించుకున్నాడు. ఎక్కడుందో వాడికి గుర్తు లేదు. నేనే చూపించాను.”

“నువ్వా?”

“మొక్కజొన్న మునుగుతోందని తమ్ముడొచ్చి అడిగితే ఏం చెయ్యను?”

“ఇప్పుడు నాకూ చూపించు.”

“మూస్తే వాడి పంట పోతుంది. వాడు మళ్లీ మనింటి గడప తొక్కడు.”

“తెలుసు నాన్నా. నన్ను ఎత్తుకుని పెంచాడు.”

“ఆ కంచె గుంజ పక్కన, మూడడుగుల లోతులో ఉంటుంది. పార నాకివ్వు.”

“నేను తవ్వుతాను.”

“వద్దు. మూసింది ఎవరని వాడు నన్నే అడుగుతాడు. నేనేనని చెప్తాను. అది అబద్ధం కాకూడదు.”