ఏసుపాదం తాగిన డ్రింకు

ఏసుపాదం అని మా వీధిలోవాడే, ట్రాక్టరు తోలేవాడు. చుట్ట లేదు, బీడీ లేదు, కల్లు వాసనకే కళ్లు తిరుగుతాయి ఆ మనిషికి. అలాంటోణ్ణి తాగుబోతని రాశారంటే మీకు మండదా? నాకైతే ఇప్పటికీ మండుద్ది. ఏమైందంటే, టౌన్లో బడి బస్సుకి డ్రైవరు కావాలన్నారంట. ఈయన వెళ్లి బస్సు తోలి చూపించాడు, బాగుందన్నారు. ఇక డాక్టరమ్మ పరీక్ష ఒక్కటే మిగిలింది అనుకోండి. ఆవిడ గుండె చూసింది, కళ్లు చూసింది, రాసుకుంటానే "డ్రింక్ చేస్తావా?" అందంట. మన కొట్లో డ్రింకంటే ఏంది? ఆ రంగు సీసా, చల్లంగా ఉండేది, పిల్లలు ఏడిస్తే కొనిచ్చేది. అదే అనుకుని ఈయన, "చేస్తానండి, ఎండాకాలమైతే రోజుకి రెండు సీసాలు" అన్నాడంట. ఏ సీసా అని అడిగిందా ఆవిడ? అడగలా. రాసేసింది.

నాలుగు రోజులకి బడి నించి కాయితం వచ్చింది. మన పంతులుగారు చదివి, చెప్పలేక చెప్పలేక, "రోజూ తాగుతావని రాశారయ్యా, ఉద్యోగం ఇవ్వరంట" అన్నారు. ఏసుపాదం అన్నం ముందు కూర్చుని కూర్చుని లేచిపోయాడంట. ఆదివారం ప్రార్థనకి కూడా రానన్నాడు, నలుగురూ ఏమనుకుంటారోనని. చూడండి, చెయ్యని తప్పుకి ఇంట్లో దాక్కున్నాడు మనిషి!

ఆయన పెళ్లాం మార్తమ్మ ఊరుకుంటదా? కాయితం పట్టుకుని పొద్దున్నే బస్సెక్కి డాక్టరమ్మ దగ్గరికెళ్లింది. "అమ్మా, మా ఊళ్లో డ్రింకంటే కూల్‌డ్రింకండి. సారాయినైతే మందంటాం" అని చెప్పిందంట. ఆవిడేమో, "డ్రింక్ చెయ్యడమంటే అందరికీ తెలిసిందేగా" అని విసుక్కుందంట. అప్పుడు మార్తమ్మకి ఒళ్లు మండి, "మరి మీరు పొద్దస్తమానం వచ్చినోళ్లందరికీ మందిస్తన్నారు గదా! డాక్టరమ్మ మందిస్తదని మా ఊళ్లో చెప్పి, ఏ మందో చెప్పకుండా వదిలేస్తే మీకెట్టా ఉంటది?" అందంట. బెంచీల మీద కూర్చున్న జనం గొల్లుమన్నారు. మార్తమ్మ నవ్వలా. "నవ్వమాకండి. నా మొగుడు రెండు రోజుల్నించి ముద్ద ముట్టలా" అని అక్కడే ఏడ్చేసిందంట. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. "తప్పు నాదేనమ్మా" అని, వేరే కాయితం రాసి, బడికి తనే ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పుడా బస్సు ఏసుపాదమే నడుపుతున్నాడు. అయినా నా కోపం తగ్గలా. "తాగుతావా?" అని అడిగితే పసిపిల్లోడికి కూడా తెలుసు గదా అది ఏ తాగుడో! ఆ ఒక్కమాట తెలుగులో అడిగితే ఆవిడ నోరేమన్నా అరిగిపోద్దంటారా?