సంచి దించకుండా క్లాసుకు రండి

పెద్దలకు, గోవిందస్వామి సార్ భార్య అన్నపూర్ణమ్మ గారికి, పుంగనూరు కాలేజీలో లెక్కల గ్రూపు చదివినవాళ్లకు, చదువుతున్నవాళ్లకు నమస్కారం. నేను మునీశ్వరిని. మాది సదుం. తొంభై ఐదులో సార్ దగ్గర బి.ఎస్సీ. ముగించాను. గురువారం సార్ పోయారని ఫోను రాగానే బెంగళూరు నుంచి పరుగెత్తుకొచ్చాను. మనకు జరిగిన నష్టం గురించి పెద్దలు చెప్పారు. నేను సార్ సగంలో వదిలేసిన పని గురించి చెబుతాను.

ఏమిటా పని? ఇదిగో, ముందు వరసలో కూర్చున్న ఈ ఉషారాణి. కుప్పంలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ సీటు వచ్చింది. చేరడానికి రేపే ఆఖరు. వాళ్ల నాన్న కృష్ణప్ప గారు గంగవరంలో రైతు. "లెక్కలు సదివితే అయ్యోరి ఉద్యోగమే గదా, దానికి మళ్లా కుప్పం యాల?" అన్నారట. ఆదివారం ఇంటికొచ్చి మాట్లాడతానని సార్ మాట ఇచ్చారు. ఈ రోజే ఆ ఆదివారం.

కృష్ణప్ప గారూ, అయ్యవారి ఉద్యోగం గొప్పదే. ఇంతమందిని ఈ రోజు ఇక్కడికి రప్పించింది ఒక అయ్యవారే కదా. కానీ లెక్కలకు దారి అదొక్కటేనా?

సార్ పెట్టిన ఆచారం ఒకటుంది. గంగమ్మ జాతరకు ఊరికొచ్చిన పాత విద్యార్థి ఇంటికి పోకముందే క్లాసుకు రావాలి. తను చేసే పని బోర్డు మీద వివరించాలి. "సంచి దించొద్దప్పా. ఇంటికి పోతే మీయమ్మ అన్నం పెడతాది, తింటే నిద్రొస్తాది" అని సార్ బస్టాండులోనే పట్టుకునేవారు.

ప్రదీప్‌ని అట్లాగే పట్టుకొచ్చారు. అప్పుడతనికి వాతావరణ శాఖలో కొత్త ఉద్యోగం. మేం బట్టీ పట్టి పరీక్షలో రాసి మరిచిపోయే సమీకరణాలే బోర్డు మీద రాసి, వాన అంచనా వీటితోనే కడతారన్నాడు. మేమెవరం? శెనక్కాయ విత్తి వాన కోసం మొగులు వైపు చూసే ఇళ్ల పిల్లలం. ఆ రోజు మాకు ఒళ్లు పులకరించింది. వానకూ మన పుస్తకానికీ చుట్టరికముందని అంతవరకు మాకెవరు చెప్పారు?

ఇంకో ఏడు సార్ పొరపడ్డారు. మదనపల్లె బస్సు దిగిన ఒకాయన్ను పాత విద్యార్థి అనుకుని క్లాసుకు లాక్కొచ్చారు. పాపం, ఆయన టమాటా మండీలో పనిచేసే మనిషి. పిల్లనిచ్చినవాళ్లింటికి జాతరకొచ్చాడు! మేం నవ్వు ఆపుకోలేకపోయాం. సార్ వదిలితే కదా? "అయితే ఏమప్పా, నీ పనే సెప్పు" అన్నారు. ఏ ఊరికి ఎన్ని లారీలు పంపాలో ఎట్లా తేలుస్తారో ఆయన చెబుతుంటే, సార్ ఎగిరి గంతేసినంత పని చేసి, అదంతా బోర్డు మీద లెక్కగా మార్చేశారు. ఆ క్లాసులో కూర్చున్న దేవేంద్ర ఇప్పుడు ఏ లారీ ఏ దారిన పోతే డీజిలు మిగులుతుందో కంప్యూటరుకు నేర్పుతున్నాడు. అదిగో, వెనక నిలబడి నవ్వుతున్నాడు చూడండి.

మా అమ్మ యశోదమ్మ కూడా సార్‌ని అడిగింది, "ఆడపిల్ల లెక్కలు సదివి యాడికి పోతాదప్పా?" అని. "యాడికి పోకూడదో నువ్వు సెప్పమ్మా, తక్కిన సోట్లన్నిటికీ పోతాది" అన్నారు సార్. అమ్మ నన్ను పంపింది. నేను ఎమ్మెస్సీ చేశాను.

ఇప్పుడు బీమా కంపెనీలో నా పనేమిటో తెలుసా? మనుషుల ఆయుర్దాయం అంచనా కట్టడం. వేలమందికి సగటు చెప్పగలను. ఒక్క మనిషి ఎప్పుడు పోతాడో మా లెక్క చెప్పలేదు. చెప్పగలిగి ఉంటే ఆ ఒక్కరోజైనా వచ్చి సార్ పక్కన కూర్చునేదాన్ని.

కృష్ణప్ప గారూ, బ్యాంకులు, రైల్వేలు, సర్వేలు, సాఫ్ట్‌వేర్, పరిశోధన, అన్నీ ఈ పిల్లకు తలుపులు తీసే ఉన్నాయి. ఇది ఏ తలుపులోకి అడుగుపెడుతుందో నాకు తెలియదు. అందుకే నాకింత సంబరంగా ఉంది. రేపు ఒక్కరోజు దాటితే మాత్రం ఆ సీటు ఇంకొకరిది. సార్ తరఫున అడుగుతున్నాను, పంపుతారా?

కృష్ణప్ప గారు లేచారు. చెప్పండి, మైకు లేకపోయినా వినిపిస్తుంది.

"కుప్పానికి పొద్దున్నే మొదటి బస్సు ఎన్ని గంటలకుండాదమ్మా?" అంటున్నారు.

అన్నపూర్ణమ్మ గారూ, విన్నారు కదా?

కృష్ణప్ప గారూ, కూర్చోకండి, అట్లాగే ఉండండి. మనమందరం ఆయనతోపాటు లేద్దాం. రెండు నిమిషాలు సార్ కోసం మాట్లాడకుండా నిలబడదాం. ఉషారాణీ, నువ్వూ లేమ్మా, మీ నాన్న పక్కన నిలబడు.