దేవదానం డాక్టరు గారి కారు టాపు

"అమ్మమ్మా, అమ్మ కార్లో పుట్టిందట కదా. ఆస్పత్రి దాకా ఎందుకెల్లలేకపోయేరు?"

ఎల్లలేకపోడమేటే, ఎల్లేం. మీ అమ్మే ఆగనేదు. ఆ ఫోను అలా నా మూతి కాడ ఎట్టకు, దగ్గొస్తాది. బల్ల మీద ఎట్టు. ఆ.

ఇది సెప్పాలంటే ముందు మీ తాత సంగతి సెప్పాల. మీ తాత సత్తెయ్య వడ్రంగి. సోడవరంలో, ఇప్పుడు బస్సులు తిరిగే రోడ్డు నేదా, అప్పుడు అన్నీ ఎడ్లబళ్ళే, బెల్లం బళ్ళు, ఈగలూ... ఆ రోడ్డు మీద మా కొట్టు. సగం మీ తాతది, సగం మా అన్న పైడయ్యది. మా అన్న టైలరు. ఇటేపు రంపం, అటేపు మిషను, మధ్యన ఒక తడిక. పొద్దున్నించీ తడికకి ఇటొకడు అటొకడు వాదనే. ఏటి వాదన అంటే ఏదైనా. వంకాయ కూరలో అల్లం ఎయ్యాలా అక్కర్నేదా అని ఒకపాలి మూడ్రోజులు వాదించుకున్నారు, సూడు. ఇద్దరికీ వొండొచ్చేటి?

నాకు అమ్మా అయ్యా నేరు. పుట్టిల్లంటే ఆ అన్నే. మీ అమ్మ అప్పటికి కడుపులో ఉన్నాది, మూడో నెల... కాదు కాదు, నాలుగు. మావిడికాయలు వొచ్చీసేయి కదా, నాలుగే.

దేవదానం డాక్టరు గారని ఉండీవోరు. కిరస్తానం వోరు. తాటి సెట్టంత పొడుగు, ఎన్నపూసలాంటి మనిషి. రోలుగుంటలో జొరవన్నా, రావికమతంలో తేలు కుట్టినా ఆయన కారే ఎల్లాల. వాల్తేరులో ఎవులో దొర ఎలిపోతా అమ్మీసిన కారంట అది. దానికి పైన గట్టి కప్పు ఉండదు. గొడుక్కున్నట్టు ఇనప కమ్ములు, వోటి మీద గుడ్డ. ఎండొస్తే ఎత్తుకోడం, సల్లగుంటే ఎనక్కి మడిసీడం.

ఆ గుడ్డ మీద మేక పడ్డాది.

నవ్వకు, నిజం. కె.కోటపాడులో ఒకలింటి ముందర కారాపుకుని, డాక్టరు గారు నోపల కూకుని పేపరు సదువుకుంటన్నారు. గోడ మీదున్న మేక ఆ టాపుని సూసి నేలనుకున్నాదో ఏటో, గెంతీసింది. గుడ్డ సిరిగిపోయి తిన్నగా ఆయనొళ్ళో పడ్డాది. పడ్డది ఊరుకుందా? ఆయన సేతిలో పేపరు తినీడం మొదలెట్టింది. ఆయనేటి సేస్తారు, సదివీసిన కాయితం దానికిచ్చీసి మిగతాది సదువుకున్నారంట. అలాటి మనిషి.

కారు తిన్నగా మా కొట్టుకే తెచ్చేరు. "పైడయ్యా, ఇది కుట్టగలవా?" అన్నారు.

"కొత్తదే కుట్టెస్తాను బాబూ" అన్నాడు మా అన్న.

తడిక అటేపు నుంచి మీ తాత ఊరుకోవచ్చా? "ఎన్నిసార్లు కుడతావు? రేపింకో మేక పడతాది. కర్ర టాపు ఏయించండి డాక్టరు గారూ. ఏనుగు పడ్డా సెక్కు సెదరదు" అన్నాడు.

"సోడవరంలో ఏనుగెక్కడిదిరా బావా?"

"మేక పడతాదని మాత్రం నువ్వనుకున్నావేటి?"

డాక్టరు గారు ఇద్దర్నీ సూసి, ముందు గుడ్డే కానిద్దాం అన్నారు. కానీ అంత దళసరి గుడ్డ ఎక్కడ దొరుకుతాది? మా అన్న అనకాపల్లంతా తిరిగేడు, నేదు. ఆకరికి, మూతపడిపోన నాటకాల కంపెనీది ఒక తెర ఎవులింటి అటక మీదో ఉంటే కొనుక్కొచ్చేడు. రంగులేసి ఏసి బల్లలాగ ఉంది. విప్పి సూస్తే అంతా ఎలకలు కొట్టీసేయి. మధ్యన ఒక ముక్కే బాగుంది, సరిగ్గా కారు టాపుకి సరిపోనంత. ఆ ముక్కలో ఏటుందనుకున్నావు? యమధర్మరాజు. దున్నపోతు మీద, సేతిలో పాశంతో. ఎలకలు కూడా ఆయన్ని ముట్టుకోనేదు, సూసేవా.

రంగున్నేపు నీరు దిగదని మా అన్న యముణ్ణి పైకి ఎట్టి కుట్టీసేడు. ముందర అద్దం మీదికి దున్నపోతు తలొచ్చింది. పక్కకి పాశం. ఎనకాల సిత్రగుప్తుడు, సిట్టా పట్టుకుని.

డాక్టరు గారు కారు సుట్టూ తిరిగి సూసేరు. "పైడయ్యా, ఈయన మా మతంలో లేడు" అన్నారు.

"నేకపోతే మరింక భయవేటి బాబూ? తవర్నేటీ సెయ్యలేడు కదా" అన్నాడు మా అన్న. ఎటకారం కాదే, నిజంగానే అన్నాడు.

ఆ కారేసుకుని రావికమతం ఎల్లేరు. అక్కడో ముసలాయన పన్నెండ్రోజుల జొరంతో మంచం మీంచి నెగలేకుండా ఉన్నాడు. ఈదిలో కారు సూసేడు, అంతే. గోడ దూకీసి సెరుకు తోటలో పడి పరుగో పరుగు. ఇంటోళ్ళు డాక్టరు గారి కాళ్ళ మీద పడిపోయేరు, తవరు దిగకుండానే జబ్బు పోనాది బాబూ అని! కానీ రెండో వోరానికి ఆయన్ని పిలిసీవోడు నేడు. ఎవులు పిలుస్తారే, సెప్పు.

అప్పుడు మా అన్న గుడ్డ తిరగేసేడు. యముడు నోపలికెల్లిపోయేడు. ఇంకా అన్నేయం అయిపోనాది. ఎనక సీటులో ఒక రోగిని పడుకోబెట్టి తీసికెల్తంటే, ఆడికి దార్లో తెలివొచ్చి కళ్ళిప్పేడు. ఎదురుగా ఆయన. కెవ్వుమని డాక్టరు గారి పీక పట్టీసుకున్నాడు. కారెల్లి వొరి మడిలో దిగబడిపోనాది.

దాంతో డాక్టరు గారు తెర ఇప్పించీసి, "సత్తెయ్యా, నువ్వు కర్రది చెయ్యి" అన్నారు. మా అన్న తెర మడిసి లోపలెట్టేడు, తడిక మీద గోనెపట్టా కప్పీసేడు. ఆ రోజు నుంచి మీ తాతతో మాటల్నేవు. మా ఇంటికి రాడం మానీసేడు. నాకు మావిడిపళ్ళు పంపీవోడు, గుమ్మం మాత్రం తొక్కీవోడు కాదు. నేను రోజూ గుమ్మంలో కూకుని సూసీదాన్ని.

మీ తాత రెండు నెలలు సేసేడు ఆ టాపు. పనస కర్ర. కారు టాపు సెయ్యమంటే ఇల్లు కట్టీసేడు. వోసాలూ, సూరూ, తలుపుల మీద దాకా దింపిన సెక్కలూ, కిటికీలూ, కిటికీలకి ఊసలూ. పెంకొక్కటే తక్కువ. ఎనిమిదిమంది మోసి ఎక్కిస్తే సక్రాలు దిగబడిపోనాయి, కారు సూడిగేదిలాగ అయిపోనాది. డాక్టరు గారు కూకుంటే తల వోసానికి తగిలింది. "కొంచెం వొంచుకోండి బాబూ, ఇనయంగా ఉంటాది" అన్నాడు మీ తాత.

వోనలు పడ్డాయి. కర్ర ఉబ్బీసింది. రోలుగుంట ఎల్లేక తలుపు రాదే! ఆయన నోపలే ఉండిపోయేరు. రోగులు కారు పక్కన వరసలో నిలబడితే, ఊసల్లోంచి సెయ్యెట్టి నాడి సూసీడం, ఊసల్లోంచే సూదిమందు పొడిసీడం. పాపం ఎవులో కాఫీ తెస్తే గలాసు ఊసల్లో దూరనేదు. అరిటాకు గొట్టంలా సుట్టి తాగించేరంట. మజ్జానం ఎండొచ్చేక గానీ తలుపు రానేదు. అయినా ఆయన కోప్పడనేదు. "సత్తెయ్యా, వీలు చూసుకుని ఇది తీసేద్దాం" అన్నారంతే. మీ తాతకి ఆ మాట ముల్లులాగ గుచ్చుకుంది. అదిగో ఇదిగో అని తప్పించుకు తిరిగేడు.

ఈలోగా నాకు నెప్పులొచ్చేయి. పొద్దున్న తొమ్మిదో పదో, బయట వోన. కాళ్ళు అరిటి బోదెల్లా వాసిపోయేయి, కళ్ళు మసక. మంత్రసాని సూసి నా వొల్ల కాదు అనీసింది. డాక్టరు గారొచ్చి సెయ్యి పట్టుకుని, "ఇప్పుడే అనకాపల్లి తీసుకెళ్ళాలి" అన్నారు.

కారు గుమ్మంలో ఉంది, దాని పక్కనే సూరు కింద నన్ను మంచం మీద దింపేరు. ఎనక తలుపు రాదు. మీ తాత లాగుతాడు, తంతాడు, రాదు. మీ తాత ఒక్క నిమిషం ఆ టాపుని అలా సూసేడు. లోపలికెల్లి గొడ్డలి తెచ్చేడు. తను సేత్తో సెక్కిన కర్రే! ఏడుస్తా కొట్టేడే. ఆ దెబ్బలు నాకిప్పటికీ ఇనిపిస్తాయి.

ఆ సప్పుడికి మా అన్న వొచ్చేడు, నెత్తి మీద తెర ఎట్టుకుని. కారుకి మళ్ళీ కప్పు నేదు, కుట్టడానికి టైమెక్కడిది? నన్నెనక సీటులో పడుకోబెట్టేరు, పక్కన మంత్రసాని. అప్పటి కార్లకి తలుపుల కింద మెట్లుండీవి, ఇటేపు మెట్టు మీద మీ తాత, అటేపు మెట్టు మీద మా అన్న. నిలబడి, సెరో కొసా పట్టుకుని నా మీద తెర లాగేరు. కారు కదిలింది.

నెలల తరబడి మాటల్నేనోళ్ళు కదా. సోడవరం దాటేమో నేదో, "కొంచెం ఎత్తరా బావా, దాని మొహం మీద నీరు కారతన్నాది" అన్నాడు మా అన్న.

"ఎత్తితే గాలికి లేసిపోతాది. నువ్వు దించు."

"దించితే దున్నపోతు దాని ముక్కు మీదికొచ్చీస్తాది!"

"నీ దున్నపోతే కదా, నువ్వే ఆపు!"

నేను కింద పడుకుని ఎదురుగా ఆయన్నే సూస్తన్నాను. యముణ్ణి. భయమెయ్యనేదంటే నమ్ముతావా? "బాబూ, మావోళ్ళిద్దరూ ఇప్పుడే మాటాడుకుంటన్నారు. ఇయాల నన్ను తీసికెల్లకు, కొంచెం ఇననీ" అన్నాను. పైకే అన్నాను. మంత్రసాని నాకు సంధి కొట్టిందనుకుని ఏడుపు లంకించుకుంది.

శారదా నది వొంతెన కాడికొచ్చేసరికి ఇంక నా వొల్ల కానేదు. డాక్టరు గారు కారాపీసేరు. మీ తాతా మా అన్నా తెర కిందకి దించి, మొహాలు అటు తిప్పుకుని నిలబడ్డారు. బెల్లం బండివోడొకడు ఆగి, "ఏటి బాబూ, ఇక్కడ నాటకవా?" అన్నాడు. "అవును, ఆడోళ్ళ నాటకం, నడు" అన్నాడు మీ తాత. మీ అమ్మ పుట్టింది. డాక్టరు గారు తన పెబువుకి దండం ఎట్టుకున్నారు, మంత్రసాని సింహాద్రప్పన్నకి. కోటు నోపలేపు పొడిగా ఉంటే, ఆ కోటిప్పి పిల్లని అందులో సుట్టేరు ఆయన.

ఆస్పత్రిలో పదిరోజులున్నాను. గండం గడిసింది. మర్నాడు మా అన్న నా మంచం కాడికొచ్చేడు, పిల్లని సూసేడు. తరవాత మెల్లగా, "సత్తెయ్య గొడ్డలి బాగా ఏసేడే. ఒక్క సెక్క నీ మీద పడనేదు" అన్నాడు. ఆడెల్లేక మీ తాతొచ్చేడు. "మీ అన్న పట్టిన కొస ఒక్క సుక్క దించనేదు, సూసేవా" అన్నాడు. ఆ మాట ఒకడి కాడ ఒకడు సచ్చేదాకా అన్నేదు. నాకే సెప్పేరు ఇద్దరూ.

డాక్టరు గారా? ఆయనింక ఏ టాపూ ఎయ్యించనేదు. ఎండైనా వోనైనా టోపీ ఎట్టుకుని అలాగే తిరిగీవోరు, మహానుబావుడు.

ఏటే, కళ్ళమ్మట నీళ్ళేటి? పిచ్చి గుంట. ఇలా రా. సల్లగా ఉండు తల్లీ. దెబ్బలాడుకున్నా పర్నేదు, నీకు కష్టవొచ్చిన్నాడు సెరో కొసా పట్టుకునీవోళ్ళు ఇద్దరుండాల. అంతే సాలు. ...ఆపీ అది. బయట బట్టలున్నాయి, వోనొచ్చీలాగుంది...